గిటారు కనిపిస్తే ప్రార్థనేనా? మతాల తరగతి చుట్టూ అపోహలు, వాస్తవాలు

మొన్న ఫిబ్రవరిలో ఒకే వారంలో నాకు రెండు ఫోన్లు వచ్చాయి. సోమవారం రాత్రి తిరుపతి బైరాగిపట్టెడ నుంచి ఒక తల్లి. "సార్, క్లాసులో గిటారు వాయిస్తూ పిల్లల చేత ప్రార్థన చేయిస్తున్నారట. మేము ఏటా కొండకు నడిచి వెళ్లేవాళ్లం సార్" అన్నారు. ఆ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ. గురువారం పొద్దున చిత్తూరు నుంచి ఒక తండ్రి. "మా అమ్మాయి చేత స్వామివారి కీర్తనలు పాడిస్తున్నారని విన్నాం సార్. మా విశ్వాసం వేరు. పాడకపోతే మార్కులు తగ్గిస్తారా?" అని అడిగారు.

ఇద్దరూ అడిగింది ఒకే పాఠం గురించి. ఆ రోజు నేను గిటారు మీద మోహన రాగం అయిదు స్వరాలు వాయించాను. ఆ స్వరాల్లోనే ఒక అన్నమయ్య కీర్తన పల్లవి, ఆ వెంటనే ఒక ఇంగ్లీషు క్రైస్తవ గీతం మొదటి చరణం వినిపించాను. ఎవరో ఫోనులో తీశారు. గీతం ఉన్న ముక్క ఒక వాట్సాప్ గ్రూపుకు వెళ్లింది, కీర్తన ఉన్న ముక్క మరో గ్రూపుకు వెళ్లింది. ఆ పాటలకు ముందూ వెనకా నేను మాట్లాడిన పాతిక నిమిషాలు మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు.

తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో పదకొండేళ్లుగా మతాల తులనాత్మక అధ్యయనం చెబుతున్నాను. సెమిస్టరుకు నాలుగైదు సార్లు గిటారు తీసుకువెళతాను. ఈ ఫోన్లు ఏడాదికి ఒకసారైనా వస్తాయి. అందుకే రాస్తున్నాను.

అపోహ: గిటారు చర్చి వాయిద్యం. అది తరగతిలోకి వచ్చిందంటే ప్రార్థన మొదలైనట్టే.

ఇందులో రెండు అపోహలు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ముందు పైదాన్ని దించుదాం.

గిటారు చర్చిలో పుట్టలేదు. ఆ పేరు మూలం గ్రీకు 'కితారా'లో ఉంది. అరబ్బుల నోటి మీదుగా స్పెయిన్ చేరింది. ఇవాళ మనం చూస్తున్న ఆకారం, కొలతలు పంతొమ్మిదో శతాబ్దంలో ఆంతోనియో దె తోర్రెస్ అనే స్పానిష్ పనివాడి చేతిలో స్థిరపడ్డాయి. చర్చి దాన్ని చాలాకాలం గుమ్మం బయటే ఉంచింది. తాగుడు అంగళ్లలో, వీధుల్లో మోగే వాయిద్యం అని చిన్నచూపు. 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊళ్లో 'సైలెంట్ నైట్' మొదటిసారి గిటారు తోడుగా పాడారు. అది ఇప్పటికీ ఒక విశేషంగా చెప్పుకోవడంలోనే ఆ రోజుల్లో అది ఎంత అరుదో తెలుస్తుంది. కథోలిక చర్చిల్లోకి గిటారు విస్తారంగా వచ్చింది 1962–65 నాటి రెండో వాటికన్ సభల తర్వాతే. అంటే మన తాతల కాలంలో చాలా చర్చిలకు కూడా అది కొత్తే. తూర్పు ఆర్థడాక్స్ చర్చిల్లో ఇప్పటికీ ఆరాధనలో సాధారణంగా ఏ వాయిద్యమూ వాడరు, గొంతు ఒక్కటే.

సరే, పరాయి దేశపుదే కదా అంటారు. మరి వయొలిన్? ఐరోపా నుంచి వచ్చింది. కర్ణాటక సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు సుమారు రెండు వందల ఏళ్ల కిందట నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారు. మహతి ఆడిటోరియంలో అన్నమయ్య కీర్తన పాడుతుంటే పక్కన కూర్చుని వాయించే వయొలిన్ విద్వాంసుణ్ణి "ఇది చర్చి వాయిద్యం కదా" అని ఎవరూ అడగరు. ముత్తుస్వామి దీక్షితులే ఆంగ్లేయుల బ్యాండు బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చారు, నొట్టుస్వరాలు అంటాం. వాటిలో ఒకటి బ్రిటిష్ రాజగీతం బాణీలో ఉంది. ఇక మన భజన గుంపులకు ప్రాణమైన హార్మోనియం కూడా ఐరోపాదే. దాన్ని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా నిషేధించింది కూడా. ఎందుకు? మతం వల్ల కాదు, గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, దాని మీద పలకదని. ఆ వాదనలో కనీసం సంగీతం ఉంది. మన వాట్సాప్ వాదనలో అది కూడా లేదు.

ఇప్పుడు కింది అపోహకు వద్దాం. పిల్లల్ని నిజంగా నష్టపరిచేది ఇదే: తరగతిలో భక్తి పాట వినడం అంటే ఆరాధనలో పాల్గొన్నట్టే అనుకోవడం.

రెండేళ్ల కిందట ఒక అబ్బాయి ఇష్టపడి ఈ పేపరు తీసుకున్నాడు. సిక్కు మతం పాఠం వచ్చింది. గురునానక్ పాడుతుంటే మర్దానా అనే ముస్లిం సహచరుడు రబాబు వాయించేవాడు. గురుగ్రంథ సాహిబ్‌లో పాటలు రాగాల వారీగా అమరి ఉంటాయి. ఇదంతా మాటల్లో చెబితే పిల్లలకు పట్టదు. అందుకని ఒక రాగం ఛాయను గిటారు మీద చూపించాను. ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. మర్నాటి నుంచి వాడు రాలేదు. ఎలక్టివ్ మార్చుకునే గడువు అప్పటికే దాటిపోయింది. హాజరు చాలక పరీక్ష రాయలేకపోయాడు. ఏడాది తర్వాత లీలామహల్ కూడలిలో కనిపించి, "నాన్న వద్దన్నారు సార్. వేరే మతం పాట వింటే ఆ మతంలో చేరినట్టే అని ఎవరో చెప్పారట" అన్నాడు. ఆ చెప్పిన పెద్దమనిషి ఎవరో గానీ, వాడి సప్లిమెంటరీ ఫీజు మాత్రం ఆయన కట్టలేదు.

వాస్తవం ఇది. మతం గురించి చదవడం వేరు, మతాన్ని ఆచరింపజేయడం వేరు. ఈ గీత నేను గీసింది కాదు. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదు. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న ఏ సంస్థలోనూ ఎవరినీ వారి సమ్మతి లేకుండా మతబోధకో ఆరాధనకో రమ్మని బలవంతం చేయకూడదు. మైనర్లయితే సంరక్షకుల సమ్మతి కావాలి. అయితే గురునానక్ జీవితాన్ని, బోధనలను విశ్వవిద్యాలయంలో అధ్యయనం చేయడం మతబోధ కిందికి రాదని సుప్రీంకోర్టు 1971లోనే, డి.ఏ.వి. కాలేజీ కేసులో చెప్పింది. మతాల గురించి చదువు చెప్పడం తప్పు కాదని 2002లో అరుణా రాయ్ కేసులోనూ చెప్పింది.

ఈ గీత కాగితం మీద చక్కగా కనిపిస్తుంది. తరగతి గదిలో అంత చక్కగా ఉండదు. ఒకసారి నేనే దాన్ని దాటాను.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. గిటారు ఉంది, ఉత్సాహం ఉంది. భక్తి ఉద్యమం పాఠంలో ఒక కీర్తన పల్లవి వాయిస్తూ అందరినీ కలిసి పాడమన్నాను. గది మారుమోగింది. నా మనసు పొంగిపోయింది. రెండో బెంచీలో ఒక అమ్మాయి పెదవులు కదుపుతోంది, గొంతు మాత్రం రావడం లేదు. కొత్తగా పాడటం సిగ్గేమో అనుకున్నాను. సెమిస్టరు అయ్యాక ఒకరోజు స్టాఫు రూము దగ్గర ఆగి, "సార్, ఆ రోజు నేను పాడలేదు. మీరు చూశారేమో, కోప్పడతారేమో అని నెలంతా భయపడ్డాను" అంది. ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. పాఠం చెబుతున్నానని నేను అనుకుంటున్నాను, ఆ పిల్ల పరీక్ష రాస్తోంది. అది కూడా తన విశ్వాసానికి పరీక్ష.

కేరళలో జరిగిన సంగతి నాకు అప్పటికే తెలిసి ఉండాల్సింది. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం వేళ మర్యాదగా నిలబడేవారు, పాడేవారు కాదు. బడి నుంచి పంపేశారు. 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షాన తీర్పు ఇచ్చింది. జాతీయగీతానికే పాడి తీరాలన్న బలవంతం లేనప్పుడు, నా తరగతిలో కీర్తనకు ఎక్కడిది?

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. నేను వాయిస్తాను, పిల్లలు వింటారు. ఎవరినీ పాడమనను, చప్పట్లు కొట్టమనను. వినడం కూడా ఇబ్బందే అనుకున్నవారు ఆ పది నిమిషాలు లైబ్రరీలో కూర్చోవచ్చు. హాజరు పోదు, కారణం అడగను. పాటకు మార్కులు లేవు. ఏ రోజు ఏ సంప్రదాయం పాట వినిపిస్తానో సెమిస్టరు మొదట్లోనే నోటీసు బోర్డు మీద పెడతాను. వాయించకూడనివి కూడా ఉన్నాయి. ఖురాన్ పారాయణాన్ని ముస్లింలు సంగీతం అనరు. దాన్ని తీగల మీద ప్రయత్నిస్తే అది అజ్ఞానం. వేదపాఠమూ అంతే. ఉదాత్త, అనుదాత్త, స్వరితాలనే స్వరాల ఎత్తుపల్లాలు గురుముఖంగా నేర్చుకునేవి, నా గిటారు కార్డులకు, అంటే కలిపి మోగించే స్వరాలకు, లొంగేవి కావు. వాటి దగ్గర గిటారు సంచిలోనే ఉంటుంది.

ఆ తల్లికి, ఆ తండ్రికి ఇదంతా చెప్పాను. వాళ్ల మీద నాకు కోపం లేదు. బిడ్డ ఎక్కడో హాస్టల్లోనో బస్సులోనో ఉంటుంది, చేతికి ఇరవై సెకన్ల వీడియో వస్తుంది, ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. కోపమంతా ఆ ముక్కను కత్తిరించి పంపిన వేళ్ల మీదే. ఇద్దరినీ పాఠం వినడానికి రమ్మన్నాను. తండ్రి వచ్చారు. వెనక బెంచీలో కూర్చుని విన్నారు. మోహన స్వరాల్లోంచి 'అమేజింగ్ గ్రేస్' బాణీ వచ్చినప్పుడు తల పైకెత్తారు. అది ఆయన చర్చిలో పాడే పాటే. రాసింది జాన్ న్యూటన్, ఒకప్పుడు బానిసల ఓడ నడిపినవాడు. ఆ బాణీ కూడా మన మోహనంలాగే అయిదు స్వరాల్లోనే నడుస్తుంది. ఇవే అయిదు స్వరాలు చైనా జానపదాల్లోనూ స్కాట్లాండ్ పాటల్లోనూ ఉన్నాయి. స, రి, గ, ప, ద లకు బాప్తిస్మం ఎవరిచ్చారు, ఉపనయనం ఎవరు చేశారు అని అడుగుతాను. పిల్లలు నవ్వుతారు. ఆయన నవ్వలేదు గానీ, వెళ్లేటప్పుడు చేయి కలిపారు.

మిగతావి త్వరగా.

అపోహ: గిటారు మీద వాయిస్తే అన్నమయ్య అసలు బాణీ పాడవుతుంది.

ఏది అసలు బాణీ? అన్నమయ్య కాలం 1408–1503. తిరుమల సంకీర్తన భాండాగారంలో దొరికిన రాగిరేకుల మీద పాటకు రాగం పేరు ఉంది, స్వరలిపి లేదు. ఇవాళ మనం పాడుకునే బాణీల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి పెద్దలు కూర్చినవే. పిల్లలకు ఈ మాట చెప్పినప్పుడు గదిలో ఒక చిన్న నిశ్శబ్దం వస్తుంది. నాకు ఎంతో ఇష్టమైన నిశ్శబ్దం అది. సుప్రభాతంతో పాటు ఈ కీర్తనలూ వింటూ పెరిగిన ఊరు మనది. అవి అయిదు వందల ఏళ్లుగా ఇలాగే వస్తున్నాయని అందరూ అనుకుంటారు. సాహిత్యం నిజంగానే అన్ని ఏళ్ల నాటిది, దాని మీద కట్టిన స్వరాల వయసు మన నాన్నలదో తాతలదో. అలాగని ఎవరి చిత్తం వచ్చినట్టు వాళ్లు వాయించవచ్చని కాదు. రాగాన్ని చంపి కార్డులు దంచేవాళ్లను చూస్తే నాకూ ఒళ్లు మండుతుంది.

అపోహ: గిటారుకు మెట్లు (తీగల కింద అడ్డంగా ఉండే పట్టీలు) ఉంటాయి కాబట్టి గమకం పలకదు.

వీణకూ మెట్లు ఉన్నాయి, ఇరవై నాలుగు. తీగను పక్కకు లాగితే గమకం వస్తుంది. గిటారు తీగ బిగువు ఎక్కువ, మెట్లు పొట్టి, అందుకే లాగుడు తక్కువ. కష్టం అనండి, ఒప్పుకుంటాను. అసాధ్యం అంటే పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్‌ను గుర్తు చేసుకోండి. అదీ మెట్లున్న వాయిద్యమే.

అపోహ: సంగీతం వింటే తెలివి పెరుగుతుంది, అందుకే వాయిస్తున్నారు.

కాదు. ఆ ప్రచారమంతా 1993లో వచ్చిన ఒక చిన్న ప్రయోగం మీద నిలబడింది. మోజార్ట్ వింటే ఒక తరహా ఆకృతుల పరీక్షలో కాలేజీ విద్యార్థులకు కాసేపు, అదీ పది పదిహేను నిమిషాలు, ఫలితం కాస్త మెరుగైంది. అంతే. నేను వాయించేది భక్తి కవిత్వం పాటగా పుట్టింది కాబట్టి. దాన్ని పద్యంలా చదివి వదిలేస్తే సగమే చెప్పినట్టు.

అపోహ: ఇది కాలక్షేపం.

మార్చి నెలలో తిరుపతిలో, మైకు లేని గిటారు వినపడాలని మూడు ఫ్యాన్లూ ఆపేసి, నలభై మంది పిల్లల మధ్య నిలబడి వాయించి చూడండి. ఏ పాటా మూడు నిమిషాలు దాటదు.

ఇక బైరాగిపట్టెడ అమ్మగారి సంగతి. ఆమె రాలేదు. వాళ్ల అత్తగారిని పంపించారు. డెబ్బై దాటిన అవ్వ, మనవడి చేయి పట్టుకుని రెండు అంతస్తులు ఎక్కి వచ్చింది. మొదటి బెంచీలో కూర్చుని కదలకుండా మొత్తం వింది. అయ్యాక నా దగ్గరికి వచ్చి గిటారును వేలితో తట్టి చూసింది.

"అంతా బాగానే ఉంది నాయనా. ఇంత మంచి పాటకు వీణ తేవచ్చు కదా?"

"నాకు వీణ రాదు అవ్వా" అన్నాను.

"ఓ, అంతేనా!" అని మనవడి వైపు తిరిగింది. "వాళ్లేమో ఏవేవో చెప్పినారు. ఈయనకు రాదంట."