డ్యూటీ చేసుకుంటూ లీడర్‌షిప్ ప్రోగ్రామ్: అపోహలు - వాస్తవాలు

మహారాష్ట్రలోని బల్లార్షా, రాజురా, చంద్రపూర్ వైపు బొగ్గు గనుల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో, కాగితం మిల్లులో పనిచేసే మనవాళ్లు ఈ మధ్య తరచూ ఒకటే అడుగుతున్నారు: "అన్నా, ఆ హైబ్రిడ్ లీడర్‌షిప్ ప్రోగ్రామ్‌లో చేరమంటవా?" అంటే ఉద్యోగం చేసుకుంటూనే, కొంత ఆన్‌లైన్‌లో, కొంత క్యాంపస్‌లో, పదిమందిని నడిపించడం నేర్చుకునే కోర్సు. ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే) గనిలో షిఫ్ట్ ఇన్‌చార్జిగా ఉన్నప్పుడు నేనూ అలాంటిది ఒకటి చేశాను. ఇప్పుడు వాటిలోనే చిన్న గ్రూపులు నడుపుతున్నాను. చేరాల్సిన వాళ్లు కొన్ని అపోహల వల్ల వెనక్కి తగ్గుతుంటే బాధేస్తోంది. చేరాక కూడా అవే అపోహలతో డబ్బు, సమయం పోగొట్టుకుంటున్న వాళ్లున్నారు.

అపోహ: హైబ్రిడ్ అంటే ఇంట్లో వీడియోలు చూసి, చివర్లో నాలుగు రోజులు క్యాంపస్‌కి వెళ్లి రావడం.

వాస్తవం: వీడియోలు, సాయంత్రం లైవ్ క్లాసులు, క్యాంపస్ రోజులు పైకి కనిపించేవి. అసలు పని ఒక క్లాసుకూ ఇంకో క్లాసుకూ మధ్య, మన డ్యూటీలో జరుగుతుంది. నేర్చుకున్నది మళ్లీ తిరగేయకపోతే మొదటి ఒకటి రెండు రోజుల్లోనే చాలావరకు జారిపోతుందని ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. వీడియోలన్నీ కూడబెట్టి ఆదివారం ఒక్కసారే చూసేవాళ్లకు మిగిలేది తక్కువే.

అపోహ: ఇంగ్లీషు గడగడా రావాలి.

ఇది మన దగ్గర చాలామందిని ఆపేస్తోంది. 1956 దాకా రాజురా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లా కింద ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, డ్యూటీలో హిందీ... అలా పెరిగిన వాళ్లం. క్లాసులో ఇంగ్లీషు వినిపించగానే మైకు ఆపేసి కూర్చుంటాం. చదవాల్సిన పాఠాలకు ఇంగ్లీషు కావాలి, నిజమే. కానీ గ్రూపు చర్చలో విలువ ఉండేది పని తెలిసినవాడి మాటకు. ఈ గ్రూపు పద్ధతికి గనులతో పాత చుట్టరికం ఉంది. 1940ల్లో రెజినాల్డ్ రెవాన్స్ అనే ఆయన బ్రిటన్ బొగ్గు గనుల మేనేజర్లను ఒకచోట కూర్చోబెట్టి, బయటి నిపుణుడి ఉపన్యాసం కాకుండా, ఒకరి సమస్యను మరొకరు ప్రశ్నలతో విప్పేలా చేశాడు. దాన్నే యాక్షన్ లెర్నింగ్ అంటున్నాం. నా గ్రూపుల్లో మొదటి రోజే చెప్తాను: మాట ఏ భాషలో వస్తే ఆ భాషలోనే మాట్లాడండి, తోటివాళ్లలో ఎవరో ఒకరు అందుకుంటారు.

అపోహ: 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ (పై ఆఫీసరు, తోటివాళ్లు, కింది ఉద్యోగులు మన పనితీరు గురించి రాసిచ్చే అభిప్రాయాలు) అంటే మన మీద కంప్లయింట్ల చిట్టా. అప్రైజల్‌లో, అంటే కంపెనీ మన పనికి మార్కులు వేసేటప్పుడు, వాడేస్తారు.

వాస్తవం: నేర్పడానికే తీసుకునే ఫీడ్‌బ్యాక్ అప్రైజల్‌కి దూరంగా ఉండాలి. రిపోర్టు ఎవరెవరు చూస్తారో ఫారం నింపకముందే రాతపూర్వకంగా అడగండి. మంచి ప్రోగ్రామ్‌లలో ఎవరు ఏం రాశారో తెలియకుండా, కింది ఉద్యోగుల జవాబులన్నీ కలిపి ఇస్తారు.

నా రిపోర్టులో ఒక వాక్యం ఉంది: "మేం సగం చెప్పేసరికే సార్ జవాబు ఇచ్చేస్తారు." ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూడు వారాలకు నేను పెట్టుకున్న అభ్యాసం ఒక్కటే: షిఫ్ట్ మారేటప్పుడు దిగిపోయే ఆపరేటర్ మాట పూర్తయ్యేదాకా నోరు తెరవకూడదు, రిజిస్టర్‌లో సంతకం పెట్టకూడదు. రెండో వారంలో ఒక రాత్రి డంపర్ ఆపరేటర్ దిగివచ్చి "బండి బాగనే ఉంది సార్, గాని..." అని ఆగాడు. అంతకుముందైతే "బాగనే ఉంది" దగ్గరే నా సంతకం పడిపోయేది. ఈసారి పెన్ను పక్కన పెట్టి ఆగాను. చేతిలో టోపీ తిప్పుకుంటూ చాలాసేపు నిలబడి, "లోడ్‌తో ర్యాంప్ దిగుతుంటే బ్రేకు జర లేటుగ పడుతుంది" అన్నాడు. ఆ డంపర్‌ని అప్పుడే వర్క్‌షాప్‌కి పంపించాం. క్యాంపస్‌లో విన్న పాఠాల్లో చాలా మర్చిపోయాను, ఆ "గాని" మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

అపోహ: క్లాసులో నేర్చేది 10 శాతమే, 70 శాతం అనుభవమే నేర్పుతుంది. మరి కోర్సు దేనికి?

ఈ 70-20-10 లెక్క (70 అనుభవం, 20 తోటివాళ్ల నుంచి, 10 క్లాసు) అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ పరిశోధనల నుంచి 1980ల్లో వచ్చింది. పైకొచ్చిన మేనేజర్లను 'మీకు పాఠం నేర్పిన సంఘటనలు ఏవి?' అని అడిగితే వాళ్లు గుర్తుచేసుకుని చెప్పిన జవాబుల మీద అది నిలబడింది. ఎవరూ కొలిచి తేల్చిన కొలత కాదు. పైగా ఇరవై ఏళ్ల అనుభవంలో నాకు రాని అలవాటు మూడు వారాల్లో వచ్చిందంటే, అనుభవాన్ని ఆపి చూసుకునే చోటు ఒకటి దొరకడం వల్లే.

సర్టిఫికెట్ వస్తే ప్రమోషన్ వస్తుందన్న నమ్మకానికి ఆధారం లేదు. ఇవి డిగ్రీలు కావు. పూర్వ విద్యార్థి హోదా ఇస్తారో లేదో సంస్థను బట్టి మారుతుంది. ఫీజు చూసేటప్పుడు 18 శాతం జీఎస్టీ, క్యాంపస్ రోజుల బస, రైలు ఖర్చు కలిపి లెక్క వేసుకోండి.

ఇక "షిఫ్ట్ డ్యూటీ వాళ్లకు కుదరదు" అనే మాట. డబ్బు కట్టకముందే లైవ్ క్లాసుల క్యాలెండర్ తెప్పించుకుని మీ డ్యూటీ చార్ట్ పక్కన పెట్టి చూడండి. సెకండ్ షిఫ్ట్ వారాల్లో ఎన్ని క్లాసులు పోతాయో, హాజరు నిబంధన ఎంతో తేలిపోతుంది. రికార్డింగ్ చూస్తే హాజరు పడుతుందా అని అడగండి, చాలాచోట్ల పడదు. డ్యూటీ మార్చుకోవాల్సిన తేదీలు జోడీదారుకీ, పై ఆఫీసరుకీ నెల ముందే రాసివ్వండి. ఇంట్లో కూడా క్యాలెండర్ మీద ఆ సాయంత్రాలకు గుర్తు పెట్టండి. వీడియోలు సిగ్నల్ ఉన్నప్పుడే దించి పెట్టుకుంటే చాలు.