ఫోన్‌లో చదువు చెప్పిన టీచర్లకు గుర్తింపు ఎందుకు చిక్కుల్లో పడింది?

ఉత్తమ ఉపాధ్యాయ అవార్డుకు ప్రతిపాదన రాయడానికి కూర్చున్న టీచరుకు బడి తెరిచి ఉన్న ఏళ్ల గురించి రాయడం తేలిక. టెన్త్ ఫలితాలు, నమోదు పెరిగిన తీరు, దాతలతో కట్టించిన గది అన్నీ కళ్లెదుట ఉంటాయి. బడి మూసి ఉన్న 2020, 2021ల దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోతుంది. పని చేయక కాదు, ఆ పనికి ఆనవాలు మిగలక. విజయవాడ, గుంటూరు టీచర్లకు ఎదురవుతున్న ఈ ఇబ్బందికి మూలాలు కరోనా కంటే చాలా ముందే ఉన్నాయి.

ఉపాధ్యాయులకు జాతీయ అవార్డులు 1958లో మొదలయ్యాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజు సెప్టెంబరు 5ను 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుతున్నారు. మనం గురుపూజోత్సవం అంటున్నది దాన్నే. దశాబ్దాల పాటు జాతీయ అవార్డుకు పేరు పైకి వెళ్లాలంటే కిందినుంచి సిఫార్సు ఉండాల్సిందే. తనిఖీకి వచ్చిన అధికారి కంటికి ఏది ఆనుతుందో అదే లెక్కలోకి వచ్చేది.

2018లో ఈ పద్ధతి మారింది. టీచరు తన పేరును తానే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు. చేసిన పనికి ఆధారంగా పత్రాలు, ఫొటోలు, వీడియోలతో పోర్ట్‌ఫోలియో జతచేయాలి. జిల్లా కమిటీ వాటిని పరిశీలించి మూడు పేర్లను రాష్ట్రానికి పంపుతుంది, రాష్ట్ర కమిటీ ఎంచి పంపినవారిపై తుది నిర్ణయం జాతీయ జ్యూరీది. ట్యూషన్లు చెప్పేవారు అనర్హులు. ఎంపికైతే ప్రశంసాపత్రం, వెండి పతకం, 50,000 రూపాయలు ఇస్తారు. అంతకుముందు మూడు వందలకు పైగా ఉన్న అవార్డులు యాభై లోపుకు తగ్గాయి. సిఫార్సు బెడద తగ్గినందుకు ఇది మంచి మార్పే. కాకపోతే భారమంతా ఆధారాల మీద పడింది. ఆధారం దాచుకోని టీచరు ఎంత మంచి టీచరైనా ఆ పోర్టల్‌కు కనిపించడు.

ఇక దూరం నుంచి చదువు చెప్పడం మనకు కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సాగిన ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 ఊళ్లకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో వెలసింది మన ఉమ్మడి రాష్ట్రంలోనే. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి విద్య కోసం చేసిన ఉపగ్రహం ఎడ్యుశాట్ ఎగిరింది. ఆన్‌లైన్ పాఠాల కోసం దీక్షా పోర్టల్ 2017 సెప్టెంబరు 5న వచ్చింది. వీటన్నిటిలోనూ పాఠం ఒకచోట తయారై అన్నిచోట్లకూ వెళ్లేది. ఊళ్లో ఉన్న టీచరు పని టీవీ పెట్టడం, పిల్లల్ని కూర్చోబెట్టడం వరకే. అందుకే పేరు సంస్థకో, పాఠం తయారుచేసినవారికో దక్కేది. ఇవతలి వైపు పిల్లవాడిని పట్టుకుని ఉన్న టీచరును గుర్తించాలన్న ఆలోచనకు అవసరమే రాలేదు.

2020 మార్చి 19 నుంచి రాష్ట్రంలో బడులు మూతపడ్డాయి. టెన్త్ పిల్లలకు దూరదర్శన్ సప్తగిరిలో విద్యామృతం, ఆ తర్వాత కింది తరగతులకు విద్యావారధి పాఠాలు వచ్చాయి. ఇంటర్నెట్ ఉన్నవారిని హైటెక్, టీవీ లేదా రేడియో మాత్రమే ఉన్నవారిని లోటెక్, ఏదీ లేనివారిని నోటెక్ అని విద్యాశాఖ మూడు జాబితాలు చేయించింది. రోజుకు ఎంతసేపు ఆన్‌లైన్ తరగతులు ఉండాలో కేంద్రం ఆ జులైలో ప్రజ్ఞత మార్గదర్శకాల్లో చెప్పింది. ఎనిమిదో తరగతి వరకు 30 నుంచి 45 నిమిషాల చొప్పున రెండు తరగతులు, తొమ్మిది నుంచి ఇంటర్ వరకు నాలుగు. తొమ్మిది, పది తరగతులకు నవంబరు 2న బడులు తెరిచారు. ఒకటి నుంచి అయిదు వరకు పిల్లలు 2021 ఫిబ్రవరిలో గానీ బడి మెట్లెక్కలేదు. ఏప్రిల్‌లో రెండో వేవ్‌తో మళ్లీ మూత, ఆగస్టు 16న మళ్లీ తెరవడం.

ఈ తేదీల మధ్య టీచరు నిజంగా ఏం చేశాడన్నదే అసలు విషయం. విజయవాడ ఆటోనగర్ షెడ్డులో పనిచేసే తండ్రి, గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే తండ్రి ఫోన్ వెంట తీసుకుని పనికి వెళ్తారు. పొద్దున పది గంటల క్లాసు ఆ ఇంటికి అందదు. ఫోన్ ఇంటికి చేరే రాత్రి ఏడున్నర తర్వాతే టీచరు ఆ పిల్లలకు ఫోన్ చేయాలి. గంట వీడియో క్లాసుకు దాదాపు అర జీబీ డేటా కరిగిపోతుంది. పది నిమిషాల వాయిస్ మెసేజ్ ఒకటి రెండు ఎంబీలు దాటదు, ఎన్నిసార్లయినా వినొచ్చు. ఈ తేడా తెలిసిన లెక్కల మాస్టారు నోటుబుక్కు పేజీ ఫొటో ఒకటి, దానికి తోడు వాయిస్ ఒకటి పంపేవారు. అన్నకూ చెల్లికీ ఒకే ఫోన్ ఉన్న ఇంట్లో ఎవరికి ఏ పూటో మాట్లాడి పెట్టాలి. నోటెక్ జాబితాలోని పిల్లలకు వర్క్‌షీట్లు జిరాక్స్ తీయించి ఇంటికి చేర్చాలి, వారం తర్వాత వెనక్కి తెచ్చి దిద్దాలి. మధ్యాహ్న భోజనానికి బదులు ఇచ్చిన బియ్యం, గుడ్లు, చిక్కీల పంపిణీ రోజున ఈ పని కూడా కలిపి చేసుకున్న బడులే కాస్త నిలదొక్కుకున్నాయి.

ఇంత చేసినా చూపడానికి ఫలితం ఏది? 2020లోనూ 2021లోనూ టెన్త్ పరీక్షలు రద్దయ్యాయి. అందరూ పాసే. ఏళ్ల తరబడి టీచరు ప్రతిభకు కొలబద్దగా వాడిన ఉత్తీర్ణత శాతం ఆ రెండేళ్లూ ఎందుకూ కొరగాలేదు. 2020 సెప్టెంబరు 5న రాష్ట్రపతి 47 మంది టీచర్లకు జాతీయ అవార్డులను ఆన్‌లైన్‌లోనే అందజేశారు. లెక్కలోకి వచ్చింది మాత్రం సహజంగానే ఎక్కువగా అంతకుముందు ఏళ్ల తరగతి గది పని.

ఇంకా బాధ కలిగించేది, కొందరికి తలుపే లేకపోవడం. జాతీయ అవార్డు నిబంధనల ప్రకారం కాంట్రాక్టు టీచర్లు అర్హులు కారు. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో చెప్పేవారు, భవిత కేంద్రాల్లో దివ్యాంగ పిల్లల్ని చూసుకునే రిసోర్స్ టీచర్లు కాంట్రాక్టు మీదే ఉన్నారు. మాట సరిగా వినపడని పిల్లవాడికి ఫోన్‌లో పాఠం చెప్పడం ఎంత కష్టమో వారినే అడగాలి. విజయవాడ వీధి వీధినా ఉన్న చిన్న ప్రైవేటు బడుల టీచర్లలో చాలామంది జీతాలు ఆగిపోయినా క్లాసులు ఆపలేదు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. అది సాయమే తప్ప గుర్తింపు కాదు, అయినా వారు ఉన్నారని ఒప్పుకున్నట్టయింది.

ఈ పరిస్థితుల్లో ఫైలు ఎక్కడ బలహీనపడుతుందో చూద్దాం. అందరూ ముందు జతచేసేవి వెబినార్ సర్టిఫికెట్లు. 2020లో గూగుల్ ఫారం నింపితే చాలు, ఈ-సర్టిఫికెట్ వచ్చేది. పిల్లలకు ఏం అందిందో అవి చెప్పవు. ఆన్‌లైన్ క్లాసు స్క్రీన్‌షాట్ కూడా అంతే. ముప్ఫై పేర్లు కనిపించినంత మాత్రాన ముప్ఫై మంది విన్నట్టు కాదు. ఒకే దస్తూరీతో పది మంది తల్లిదండ్రుల ఉత్తరాలు ఉంటే కమిటీకి మొదటి పేజీలోనే అనుమానం వస్తుంది. ఫోన్ మార్చినప్పుడు వాట్సాప్ చాట్ పోవడం మరో దెబ్బ. బ్యాకప్ వేరే నంబరుకు రాదు. అందుకే గ్రూపు చాట్‌ను మీడియా లేకుండా ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌లో దాచుకోవడం నెలకోసారి చేయాల్సిన పని. కమిటీకి ఇచ్చే కాపీలో పిల్లల ఫోన్ నంబర్లు, ముఖాలు కనిపించకుండా చేయాలి.

నిలిచే ఆధారం అంటే ఒక మామూలు రూళ్ల రిజిస్టరు. పిల్లవాడి రోల్ నంబరు, ఏ జాబితాలో ఉన్నాడు, ఫోన్ ఏ వేళ దొరుకుతుంది, ఎప్పుడు మాట్లాడారు, ఏ పాఠం, వర్క్‌షీట్ తిరిగి వచ్చిందా లేదా. వారం వారం హెచ్ఎం సంతకం. బడి మూసే ముందు, తెరిచాక ఒకే రకం చిన్న పరీక్ష, చదవడం, రాయడం, లెక్కల్లో కూడిక, తీసివేత, గుణకారం, భాగహారాల్లో. తరగతిలో 35 మంది ఉంటే ఆ 35 మందీ అందులో ఉండాలి. అందుకోలేకపోయిన ముగ్గురి పేర్లు దాచకుండా రాసిన రిజిస్టరును, నూటికి నూరు అని రాసిన దానికన్నా ఎక్కువగా నమ్మాలి. తనిఖీకి వెళ్లినవారు ముందు ఆ ముగ్గురి గురించే అడగాలని మా అభిప్రాయం. వారి కోసం ఎన్నిసార్లు ప్రయత్నించారో అక్కడే తేలుతుంది.

జిల్లాల విభజన మరో మెలిక పెట్టింది. 2022 ఏప్రిల్ 4 వరకు విజయవాడ బడులు కృష్ణా జిల్లావి, జిల్లా విద్యాధికారి (డీఈవో) కార్యాలయం మచిలీపట్నంలో. ఇప్పుడవి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల అయింది. ఆనాటి పంపిణీ జాబితాలు, మండల విద్యాధికారికి (ఎంఈవో) పంపిన నివేదికల నకళ్లు బడిలోనే ఉంచుకున్నవారికి వెతుకులాట తప్పింది.

ఇదంతా గడిచిపోయిన సంగతి అనుకోవడానికి లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు బడులు మళ్లీ మూతపడ్డాయి. ఈసారి పుస్తకాలూ తడిశాయి, ఫోన్లకు చార్జింగూ లేదు. బడి మూతపడిన రోజుల్లో ఎవరిని ఎలా అందుకున్నారన్న ప్రశ్నకు జిల్లా, రాష్ట్ర అవార్డుల ప్రొఫార్మాలో విడిగా ఒక గడి పెట్టాలి. దానికి మార్కులు కేటాయించాలి. కాంట్రాక్టు టీచర్లకు కనీసం జిల్లా స్థాయిలోనైనా అర్హత ఇవ్వాలి, చిన్న ప్రైవేటు బడుల టీచర్లనూ అక్కడ గుర్తించాలి. జాతీయ నిబంధన మారేదాకా ఆగనక్కర్లేదు, జిల్లా స్థాయి సత్కారాలతోనే దీన్ని మొదలుపెట్టవచ్చు.