నెలసరి బాధ: ఓర్చుకోవడానికీ, గర్భసంచి తీయించుకోవడానికీ మధ్య

"మా గుంట నెలకి మూడ్రోజులు కాలేజీ మానేస్తందండి. పెళ్లయితే తగ్గిపోద్దంటారు కదా?" శ్రీకాకుళంలో నా ఓపీకి వచ్చే తల్లుల్లో ఈ మాట అననివాళ్లు తక్కువ. పక్క కుర్చీలో ఆ పిల్ల చున్నీని నడుముకి బిగించి కట్టుకుని, రెండు చేతులూ పొత్తికడుపు మీద పెట్టుకుని ముందుకు వంగి ఉంటుంది. తన సంగతి వచ్చేసరికి ఆ తల్లే "నాకు మాత్రం తీసేయండి, పడలేకపోతన్నాను" అంటుంది. కూతురికి ఓర్పు, తల్లికి ఆపరేషన్! ఈ రెండిటి మధ్య ఎన్ని వైద్యాలున్నాయో చెబుదామనే ఇది రాస్తున్నాను.

అపోహ: ఆడపిల్లకి నొప్పి మామూలే, పెళ్లయితే పోతుంది.

మొదటి రోజు కాస్త నొప్పి మామూలే. చదువు మానేసేంత, వాంతులయ్యేంత నొప్పి మామూలు కాదు. అది ఏటేటా పెరుగుతున్నా, ముట్టుకి ముందే మొదలవుతున్నా, విరేచనానికి వెళ్లినప్పుడో భర్తతో కలిసినప్పుడో నొప్పెడుతున్నా ఎండోమెట్రియోసిస్ ఉందేమోనని చూడాలి. గర్భసంచి లోపలి పొరలాంటిది అండాశయాల మీదా, పేగుల మీదా పెరిగే జబ్బు ఇది. సంతాన వయసులో పదిమందిలో ఒకరికి ఉంటుందని అంచనా. స్కానింగ్ నార్మల్ అని వచ్చినా జబ్బు ఉండవచ్చు. "రిపోర్టులో ఏమీ లేదు, నీది నాటకం" అని ఇంట్లో అనిపించుకున్న పిల్లల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. పెళ్లీ, కాన్పూ దీనికి మందు కాదు. హార్మోన్ మాత్రలు పనిచేస్తాయి, కొందరికి ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే ఆపరేషన్) అవసరమవుతుంది.

అపోహ: నొప్పి మాత్ర వేస్తే కిడ్నీలు పోతాయి, పిల్లలు పుట్టరు.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం మన జిల్లాలోనే ఉంది, ఈ భయం ఊరికే పుట్టలేదు. కవిటి, సోంపేట, కంచిలి వైపు నుంచి వచ్చేవాళ్లకి ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయిస్తాను. అది ఎక్కువగా ఉంటే మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఇవ్వను. పారాసిటమాల్, వేడినీళ్ల కాపడం, హార్మోన్ మాత్రల దారి చూస్తాను. కిడ్నీలు బాగున్నవాళ్లు, కడుపులో పుండు గానీ ఆస్తమా గానీ లేనివాళ్లు నెలకి రెండు మూడు రోజులు డాక్టరు చెప్పిన మోతాదులో, తిన్నాక ఆ మాత్రలు వేసుకోవచ్చు. పిల్లలు పుట్టకపోవడమనేది దానివల్ల రాదు.

ఎక్కువమంది పొరపాటు పడేది వేళ దగ్గర. గర్భసంచిలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారై కండరాన్ని పిండేస్తాయి. మాత్ర వాటి తయారీని ఆపుతుంది. అందుకే నొప్పి మొదలవగానే వేసుకోవాలి. మెలికలు తిరిగిపోయాక వేసి, "పని చెయ్యలేదండి" అంటే పాపం మాత్ర ఏం చేస్తుంది? ఒంటి మీద దద్దుర్లు, జ్వరం వస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అపోహ: ఎక్కువ పోతే మంచిదే, చెడు రక్తం పోతుంది.

అది చెడు రక్తం కాదు, మీ ఒంట్లో రక్తమే. పలాస జీడి పరిశ్రమలో పనిచేసే ఒకావిడ మెట్లెక్కితే ఆయాసమని వచ్చింది. జీడి జిగురుకి వేళ్లు నల్లబడి ఉన్నాయి. కింది కనురెప్ప లాగి చూస్తే ఎరుపన్నది లేదు. హిమోగ్లోబిన్ 6. ఉండాల్సింది 12. ఏళ్ల తరబడి నెలకి పదేసి రోజులు పోతున్నా ఆవిడ దాన్ని జబ్బనుకోలేదు. గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండిపోయినా, రూపాయి బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడినా, ఏడు రోజులు దాటినా వైద్యం కావాలి. బడిలో వారం వారం ఇచ్చే నీలం ఐరన్ మాత్ర రక్తహీనత రాకుండా చూడటానికి. వచ్చేశాక అదొక్కటే చాలదు.

అపోహ: పిల్లలు పుట్టేశారు, ఇక గర్భసంచి ఎందుకు?

ఈ ఆపరేషన్లలో దేశంలో ముందు వరుసలో ఉన్నది మన రాష్ట్రమే. నాకు బాధ కలిగించే సంగతి ఇది. గర్భసంచిలో పెరిగే పెద్ద గడ్డలకీ, కాన్సర్‌కీ, మందులకి లొంగని రక్తస్రావానికీ నేనూ చేస్తాను. కానీ 35 ఏళ్లకే అండాశయాలతో సహా తీసేస్తే ఒళ్లంతా ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు ముందుగానే వస్తాయి. తెల్లబట్టకి భయపడి తీయించుకోనే అక్కర్లేదు.

అంతకంటే ముందు రక్తస్రావం తగ్గించడానికి ముట్టు రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ ఉంది, హార్మోన్ మాత్రలున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది. లూప్ అనగానే కాపర్ టీ అనుకుని వద్దంటారు. కాపర్ టీతో రక్తస్రావం పెరగవచ్చు, హార్మోన్ లూప్ బాగా తగ్గిస్తుంది, ఏళ్లపాటు పనిచేస్తుంది. హార్మోన్ మాత్రలు ఇచ్చే ముందు బీపీ, పార్శ్వపు తలనొప్పి, చుట్ట అలవాటు అడుగుతాను. అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే అమ్మలు సిగ్గుపడకుండా చెప్పండి. 35 దాటి పొగ తాగేవాళ్లకి ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు ప్రమాదం.

వచ్చేటప్పుడు మూడు నెలల క్యాలెండర్ కాగితాలు తెచ్చుకోండి. ముట్టు రోజులకి సున్నా చుట్టి, రోజుకి ఎన్ని ప్యాడ్లో, ఎన్ని గుడ్డలో మార్చారో రాయండి. పిల్లని తీసుకొస్తే ఓ అయిదు నిమిషాలు మీరు బయట కూర్చోండి. ముట్టుకి ముందు వారం చచ్చిపోవాలనిపిస్తోందని, మొదలవగానే ఆ ఆలోచన పోతోందని నాకు చెప్పిన పిల్లలెవరూ అమ్మ పక్కనుండగా నోరు విప్పలేదు. దానికీ మందుంది.