వంటింట్లోంచి వచ్చిన నవల

పిల్లలూ,

కథ రాయండర్రా అంటే "మా ఇంట్లో రాయడానికేముంది తాతయ్యా" అంటారు కదా, అందుకే ఇవాళ మీకు మెక్సికో రచయిత్రి లారా ఎస్కివెల్ గురించి చెబుతాను. ఆవిడ సినిమాలకి స్క్రిప్టులు రాసింది, నవలలు రాసింది, ఎన్నో దేశాలవాళ్లు చదివారు. కానీ వాటిలో ముఖ్యమైనదంతా సొంత ఇంట్లో దొరికిందే.

1950లో మెక్సికో సిటీలో పుట్టింది. నాన్న టెలిగ్రాఫ్ ఆపరేటర్, అంటే తీగల మీద సందేశాలు పంపే ఉద్యోగి. చిన్నపిల్లల బడిలో టీచరుగా పనిచేస్తూ ఆ పిల్లలు వేయడానికి నాటికలు రాసింది, అక్కణ్ణుంచి పిల్లల టీవీ కార్యక్రమాలకి, తర్వాత సినిమాలకి వెళ్లింది. వాళ్ల అవ్వ ఇంట్లో వంటగదికీ భోజనాల గదికీ మధ్య చిన్న ప్రార్థన గది ఉండేదట, మిరపకాయలు, వెల్లుల్లి వాసన ప్రార్థనలతో కలిసిపోయేదట.

ఆ బంధువుల్లోనే పాతతరంలో టీటా అనే ఆవిడ ఉండేది. పెళ్లి చేసుకోకూడదు, తల్లిని చూసుకుంటూ ఉండిపోవాలి అన్నారు. ఉండిపోయింది, తల్లి పోయిన కొన్నాళ్లకే తనూ పోయింది. ఇది తెలిసినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది, ఒక మనిషి బతుకు మీద ఇంకొకళ్లకి అంత హక్కు ఎవరిచ్చారని.

లారా ఆ పేరునే తన కథానాయికకి పెట్టి 1989లో 'కోమో ఆగ్వా పారా చొకొలాతే' (చాక్లెట్ కోసం నీళ్లలా) అనే నవల రాసింది. కథ మెక్సికో విప్లవం రోజుల్లో, అమెరికా సరిహద్దులో ఉన్న పియెద్రాస్ నెగ్రాస్ ఊళ్లో జరుగుతుంది. పన్నెండు అధ్యాయాలు, నెలకొకటి, ప్రతిదీ ఏదో ఒకటి తయారుచేసే పద్ధతితో మొదలవుతుంది. టీటా పుట్టడమే వంటగది బల్ల మీద, ఉల్లిపాయల ఘాటు మధ్య, కన్నీళ్ల వరదలో! ఆ నీళ్లు ఆరిపోయాక నేల మీద మిగిలిన ఉప్పుని ఊడ్చి 5 కిలోల బస్తాకి ఎత్తి, చాన్నాళ్లు వంటల్లో వాడుకున్నారట. తను ప్రేమించినవాడికి సొంత అక్కనిచ్చి పెళ్లి చేస్తుంటే, కేకు పిండిలో టీటా కన్నీళ్లు పడతాయి, అది తిన్న చుట్టాలందరికీ తమ పాత ప్రేమలు గుర్తొచ్చి ఏడుపు ముంచుకొస్తుంది. నాకు మరీ నచ్చింది జూన్ నెల. అందులో వంట లేదు, అగ్గిపుల్లలు చేసే పద్ధతి ఉంటుంది. మనందరం లోపల ఒక అగ్గిపెట్టెతో పుడతాం, కానీ ఆ పుల్లల్ని మనంతట మనం వెలిగించుకోలేం, మనం ప్రేమించేవాళ్ల ఊపిరి తగలాలి అని ఒక డాక్టరు టీటాతో చెబుతాడు. ఆ మాట ఆయనకి వాళ్ల అవ్వ చెప్పింది, ఆమె కికాపూ అనే ఆదివాసీ తెగ స్త్రీ.

1992లో అది సినిమా అయింది. స్క్రిప్టు లారాదే, డైరెక్టరు అప్పటి ఆవిడ భర్త అల్ఫోన్సో అరావ్. స్క్రిప్టుకి మెక్సికోవాళ్ల ఆరియెల్ అవార్డు వచ్చింది. తర్వాత 2015లో లారా మెక్సికో పార్లమెంటుకి కూడా ఎన్నికైంది, అది వేరే కథ.

నాన్న ఉద్యోగాన్ని కూడా కథ చేయకుండా వదల్లేదు లారా. 2001లో ఒక టెలిగ్రాఫ్ ఆపరేటర్ మీద నవల రాసింది. అందులో హీరో చిన్నప్పుడు, ఒకరి భాష ఒకరికి రాని తన తల్లికీ, మాయా అనే ఆదివాసీ భాష మాట్లాడే నాయనమ్మకీ మధ్య మాటలు చేరవేస్తుంటాడు, చేరవేసేటప్పుడు కటువైన మాటల్ని తీసేసి మంచి మాటలు పెట్టేస్తాడు, వాళ్లు కలిసిపోవాలని. ఎంత తెలివో చూడండి!

రెండు నవలలూ ఇంగ్లిష్‌లో దొరుకుతాయి. టీటా కథలో పెద్దవాళ్ల సంగతులు ఉన్నాయి, కాబట్టి డిగ్రీలో చేరాక చదవండి. వెతుక్కోనక్కర్లేదు, నా కాపీ ఇస్తాను.

మీ తాతయ్య