అపోహలు – వాస్తవాలు: "సార్ స్టేజీ మీదనే చెప్పిండు గద మేడం!"

ఈమధ్య నా టేబుల్ మీద ఫైళ్ల కంటే ఫోన్లే ఎక్కువ తెరుచుకుంటున్నాయి. ఎల్బీనగర్ కోర్టులో పని ముగించుకుని కొత్తపేట ఆఫీసుకొచ్చి కూర్చుంటాను. ఎదురుగా ఉన్న మనిషి సంచీలోంచి లింక్ డాక్యుమెంట్లు తీస్తాడనుకుంటే ఫోన్ తీసి ముందు పెడతాడు. నలభై సెకన్ల వీడియో. వెనకాల ఫ్లెక్సీ, ముందు ఆరేడు మైకులు, మధ్యలో ఒక నాయకుడు. "గిదే మేడం ప్రూఫు" అంటాడు.

పందొమ్మిదేళ్లుగా ప్లాట్లకు, పొలాలకు లీగల్ ఒపీనియన్ రాస్తున్నాను. దొంగ పత్రాలతో మునిగినవాళ్లు ఎలాగూ ఉన్నారు. నిజమైన వీడియోను నమ్మి మునిగినవాళ్లు కూడా తక్కువేం కాదు. అందుకే ఇది రాస్తున్నాను. ఏ పార్టీ మీదా కోపం లేదు, అన్ని పార్టీల వీడియోలూ నా టేబుల్ మీదికి వచ్చాయి.

అపోహ: ముఖ్యమంత్రో మంత్రో పబ్లిగ్గా ప్రకటిస్తే అదే ఆర్డరు.

కిందటేడు ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు, ఆయన భార్య వచ్చారు. మొయినాబాద్ వైపు ఒక ఊళ్లో 200 గజాల ప్లాటు. గజం తొమ్మిది వేలు. పద్నాలుగు లక్షలు ముట్టజెప్పారు, అంతా నగదు. చేతిలో ఉన్నది నోటరీ చేయించిన అగ్రిమెంటు ఒక్కటే. భూమి ఏమిటని చూస్తే పాస్‌బుక్కులో ఇంకా వ్యవసాయ భూమే. లేఅవుట్ పర్మిషన్ లేదు, అది వస్తే ఇచ్చే ఎల్పీ నంబరూ లేదు. తెల్లరాళ్లు పాతి, మొరం రోడ్డు పోసి, గేటుకు రంగేశారంతే.

"111 జీవో ఎత్తేసిండ్రు గద మేడం, సీఎం సారే చెప్పిండు" అని ఆయన ఫోన్ ముందుకు జరిపాడు. నేను మాట్లాడబోతే ఆగమని చెయ్యి చూపించి, టికెట్లు చింపీ చింపీ అలవాటైన బొటనవేలితో వీడియోను వెనక్కి లాగి మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. ఆవిడ మాత్రం వీడియో చూడలేదు. నా మొహమే చూస్తూ కూర్చుంది. ఆవిడకు అప్పటికే అర్థమైపోయింది.

వీడియో అబద్ధం కాదు. 2022 మార్చిలో అసెంబ్లీలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ 111 జీవో ఎత్తేస్తామన్న మాట నిజమే. 1996 మార్చి 8 నాటి ఆ జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టింది. అసెంబ్లీలో ఆ మాట అన్న తర్వాత 2022 ఏప్రిల్ 12న జీవో 69 వచ్చింది. అది చదివినవాళ్లు ఎందరు? ఆంక్షలు తీసేస్తున్నామంటూనే జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినకూడదని షరతు పెట్టారు. మార్గదర్శకాలు తయారు చేయడానికి ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేశారు. పోనీ, ఆంక్షలు పూర్తిగా పోయాయనే అనుకుందాం. అంత మాత్రాన ఒక రైతు పొలం రాత్రికి రాత్రి లేఅవుట్ అయిపోతుందా? భూ వినియోగం మారాలి, హెచ్‌ఎండీఏ పర్మిషన్ ఇవ్వాలి, రోడ్లకూ పార్కుకూ జాగా వదలాలి. ఇవేవీ ఆ నలభై సెకన్లలో ఉండవు. బ్రోకరు మాత్రం ఆ నలభై సెకన్లనే అమ్ముకున్నాడు.

"అంతటి మనిషి అబద్ధమాడతడా మేడం?" అని అడిగాడు పెద్దాయన. అబద్ధం కాదు పెద్దాయనా, ఉద్దేశం. చేయాలనుకుంటున్నది చెప్పడం వేరు, చేసి కాగితం మీద పెట్టడం వేరు. రాజ్యాంగం 166వ అధికరణం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు గవర్నరు పేరున వెలువడాలి. కేబినెట్, సంబంధిత శాఖ, అవసరమైతే ఆర్థిక శాఖ, న్యాయ శాఖ, ఇన్ని బల్లల మీద తిరిగొచ్చాకే దానికొక నంబరు పడుతుంది. మైకులో మాటే కాదు, మంత్రి ఫైలు మీద రాసిన రాతకు కూడా అంత బలం లేదు. బచ్చిత్తర్ సింగ్ కేసులో 1962లోనే సుప్రీంకోర్టు ఆ మాట తేల్చింది. ఫైల్లో మంత్రి అనుకూలంగా రాసినా, అది ఉత్తర్వుగా వెలువడి సంబంధిత వ్యక్తికి చేరేదాకా ఆర్డరు కాదంది. ఈమధ్యది కావాలంటే 2023 జనవరి 3 నాటి కౌశల్ కిశోర్ తీర్పు ఉంది. సమష్టి బాధ్యత సూత్రాన్ని పట్టుకుని మంత్రి మాట్లాడిన మాటను ప్రభుత్వానికి అంటగట్టలేమని రాజ్యాంగ ధర్మాసనం మెజారిటీ చెప్పింది.

ఇక్కడ తెలివైనవాళ్లు కొందరు ఢిల్లీ కేసు తీస్తారు. 2020 మార్చిలో కేజ్రీవాల్ ప్రెస్‌మీట్‌లో పేద కిరాయిదారుల అద్దె ప్రభుత్వమే కడుతుందన్నారు. ఆ హామీ అమలు చేయదగినదేనని 2021 జులైలో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి తీర్పిచ్చిన మాట వాస్తవమే. రెండు నెలలకే డివిజన్ బెంచ్ దాని మీద స్టే ఇచ్చింది. ఆ రెండో సగం యూట్యూబ్ లాయర్లు చెప్పరు. థంబ్‌నెయిల్‌లో స్టే అనే మాటకు జాగా ఉండదేమో.

కండక్టరు గారి కేసులో మాకు దొరికిన పట్టు ఏమిటంటే ఆయన అలవాటు. ఇచ్చిన ప్రతి పైసాకూ పాత టికెట్ పుస్తకం వెనక తేదీ వేసి, పుచ్చుకున్నవాడితో సంతకం పెట్టించుకున్నాడు. స్థిరాస్తి లావాదేవీలో ఇరవై వేలు, ఆపైన నగదు పుచ్చుకోకూడదని 2015 జూన్ నుంచి ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. తప్పితే పుచ్చుకున్నంత మొత్తం జరిమానా, అదీ పుచ్చుకున్నవాడికే. లీగల్ నోటీసులో ఆ పేరా ఒక్కటే బోల్డ్‌లో పెట్టించాను. తొమ్మిది లక్షలు వెనక్కొచ్చాయి. మిగతా ఐదింటికి దావా నడుస్తోంది.

అపోహ: దేవుడి మీద ఒట్టేశాడు, ఇక తిరుగులేదు.

మన దగ్గర ఈ ఒట్ల రాజకీయం బాగా ముదిరింది. 2022 అక్టోబరులో ఎమ్మెల్యేల కొనుగోలు వివాదమప్పుడు బండి సంజయ్ యాదాద్రిలో తడిబట్టలతో ప్రమాణం చేశారు. 2023 ఏప్రిల్‌లో రేవంత్ రెడ్డి చార్మినార్ దగ్గరి భాగ్యలక్ష్మి గుడిలో ప్రమాణం చేశారు. ఎవరి భక్తినీ నేను శంకించను. నేనూ ప్రతి శనివారం గుడికెళ్లేదాన్నే. కానీ కోర్టు దృష్టిలో ఆ ఒట్టు విలువ సున్నా.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1873 నాటి ప్రమాణాల చట్టంలో ఒక వింత వెసులుబాటు ఉండేది. "ఫలానా రకంగా ప్రమాణం చేసి చెబితే నేను కట్టుబడతాను" అని ఒక కక్షిదారు ఒప్పుకుని, ఎదుటివాడు అలాగే ప్రమాణం చేసి సాక్ష్యం చెబితే, ఆ సాక్ష్యం ఒప్పుకున్నవాడి మీద తిరుగులేని రుజువయ్యేది. 1969లో వచ్చిన కొత్త చట్టంలో దాన్ని వదిలేశారు. మన ఊళ్లలో మాత్రం ఆ పాత చట్టమే ఇంకా నడుస్తున్నట్టుంటుంది.

ఇది మా ఇంట్లోదే. నాన్న పోయాక నల్గొండ దగ్గర పొలం మా పెద్దన్న చేస్తున్నాడు. 2024 లోక్‌సభ ఎన్నికల సభల్లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఏ ఊరికెళితే ఆ ఊరి దేవుడి మీద ఒట్టేసి, ఆగస్టు 15 లోపు రెండు లక్షల రుణమాఫీ చేస్తామన్నారు. మా అన్న అది విని పంట రుణం కట్టడం ఆపేశాడు. "నర్సింహస్వామి మీద ఒట్టేసిండు చెల్లె, నువ్వు కోర్టు మాటలు చెప్పకు" అన్నాడు.

జులై 15న మార్గదర్శకాల జీవో వచ్చింది. 2018 డిసెంబరు 12 నుంచి 2023 డిసెంబరు 9 మధ్య రుణం ఉండాలి. కుటుంబం యూనిట్టు. అప్పు రెండు లక్షలు దాటితే పైమొత్తం ముందు రైతు కట్టుకోవాలి. మా అన్నదీ వదినదీ కలిపితే రెండున్నర లక్షల పైచిలుకు. ఒట్టులో ఈ లెక్కలేవీ లేవు మరి! మూడు విడతల మాఫీ మొదలైన మాట నిజం, జులై 18న లక్ష దాకా, 30న లక్షన్నర దాకా, ఆగస్టు 15న రెండు లక్షల దాకా. మా ఊళ్లో చాలామందికి వచ్చింది కూడా. కానీ గడువు దాటించినందుకు మా అన్నకు సకాలంలో కడితే వచ్చే మూడు శాతం వడ్డీ రాయితీ పోయింది. నాలుగు శాతానికి పడాల్సిన అప్పు ఏడు దాటింది. ఆ పైమొత్తం కట్టడానికి వదిన చెవులవి కుదువపెట్టింది. దసరాకు వెళ్తే చెవులకు వేపపుల్లలు కనిపించాయి. నేనేం అనలేదు, అన్న కూడా ఏం అనలేదు.

కట్టాల్సిన అప్పు ఎవరో ఏదో అన్నారని ఆపకండి. మాఫీ వస్తే బ్యాంకే మెసేజ్ పెడుతుంది.

అపోహ: దేవుడి పేరుతో ఓట్లడిగాడు, ఫిర్యాదు చేస్తే సీటు పోతుంది.

ఫిర్యాదుతో పోదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద అది అవినీతి చర్యే. 2017 జనవరి 2న అభిరామ్ సింగ్ కేసులో ఏడుగురు జడ్జీల బెంచ్ 4–3తో దాని పరిధిని ఓటరు మతానికి కూడా విస్తరించింది. కానీ దారి ఒక్కటే. ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. నలభై ఆరో రోజు ఎవరొచ్చినా చేయగలిగింది లేదు. ట్విట్టర్లో ట్యాగ్ చేస్తే లెక్కలోకి రాదు.

అపోహ: "ధర్మయుద్ధం" మొదలైంది, ఇక చెరువు పక్కన ఎవరి ఇల్లూ మిగలదు. (లేదా: పెద్దోళ్లవే కూలుస్తారు, మనల్నేం చేయరు.)

2024 ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంటలో నాగార్జున ఎన్ కన్వెన్షన్‌ను చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చింది. కూల్చివేత జరిగాక అదే రోజు హైకోర్టు స్టే వచ్చింది. మర్నాడు కోకాపేటలో హరేకృష్ణ వాళ్ల కార్యక్రమంలో ముఖ్యమంత్రి ఈ కూల్చివేతలకు శ్రీకృష్ణుడి బోధ, కురుక్షేత్రం స్ఫూర్తి అన్నట్టు మాట్లాడారు. ఆ వారం రాత్రి పదకొండింటికి కూడా ఫోన్లే. "మేడం, పొద్దున జేసీబీ వస్తదా?" అని ఏడ్చినవాళ్లున్నారు. ఒకావిడ నిజాంపేట నుంచి. వాళ్లింటికి ఏ చెరువూ అర కిలోమీటరు లోపు లేదు.

భయపడేవాళ్లను నేను తిట్టను. వాట్సాప్‌లో కాలనీల జాబితాలు తయారు చేసి వదిలేవాళ్లను తిడతాను.

మీ ఇంటి సంగతి భగవద్గీత తేల్చదు, ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) తేల్చాలి. 2012 నాటి జీవో 168 చూడండి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల బఫర్, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్లో మీ చెరువు తీసి, ప్రిలిమినరీ నోటిఫికేషన్ మాత్రమే అయిందా, ఫైనల్ కూడా అయిందా చూసుకోండి. ప్రిలిమినరీ దశలో అభ్యంతరం చెప్పుకోవచ్చు.

ఇంకొకటి. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కూల్చివేతలకు ముందు 15 రోజుల నోటీసు ఉండాలంది కదా అని చాలామంది ధీమాగా ఉన్నారు. రోడ్లు, నదులు, నీటివనరుల ఆక్రమణలకు ఆ ఆదేశాలు వర్తించవని అదే తీర్పులో ఉంది. అలాగని ఇష్టారాజ్యమూ కాదు. అదే ఏడాది సెప్టెంబరు చివర్లో అమీన్‌పూర్ కేసులో ఆదివారం పూట కూల్చడమేమిటని మన హైకోర్టు అధికారులను నిలదీసింది.

గేటు దగ్గర చిన్న గుడి కట్టేస్తే ఎవరూ ముట్టుకోరనే లేఅవుట్ వాళ్లకు ఒక మాట. ప్రభుత్వ స్థలంలో అనుమతి లేకుండా ఏ మతం కట్టడమూ కొత్తగా రాకూడదని 2009 సెప్టెంబరులోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ గుడి చూసి ప్లాటు కొనేవాళ్లు గుడి కింది సర్వే నంబరు కూడా చూడండి.

అపోహ: పెద్ద కంపెనీతో నాయకుడికి చెడింది, మన పని అయిపోయింది.

2024 జనవరిలో దావోస్‌లో అదానీ గ్రూపుతో రాష్ట్రం 12,400 కోట్ల ఎంఓయూలు చేసుకుంది. అదే ఏడాది నవంబరులో స్కిల్ యూనివర్సిటీకి అదానీ ఇస్తానన్న 100 కోట్లు వద్దని ప్రభుత్వం లేఖ రాసింది. రెంటినీ కలిపి ఎవరికి తోచిన కథ వాళ్లు అల్లారు. మొదటిది అవగాహన పత్రం, దాని మీద ఇటుక కూడా పడకపోవచ్చు. రెండోది ఒక విరాళానికి వద్దన్న మాట. ఎంఓయూ వార్త చూసి పక్క సర్వే నంబరులో భూమి కొన్నవాళ్లకు మాత్రం చెప్పేదేం లేదు.

మెట్రో నుంచి ఎల్ అండ్ టీ తప్పుకుంటుందని 2025లో వార్తలొచ్చినప్పుడు స్టేషన్లో చిన్న స్టాల్ నడిపే అమ్మాయి వచ్చింది. సెప్టెంబరులో ప్రభుత్వం 13 వేల కోట్ల దాకా అప్పు తన మీద వేసుకుని, కంపెనీకి 2,000 కోట్లిచ్చి తీసుకుంటానని సూత్రప్రాయంగా ఒప్పుకుంది. "నా డిపాజిట్ ఎవరిస్తరు మేడం?" తను అడిగిన ఈ ఒక్క ప్రశ్న టీవీ చర్చల్లో ఎవరూ అడగలేదు. అగ్రిమెంట్లో బదలాయింపు క్లాజు తీసి వేలితో చూపించాను. యాజమాన్యం మారితే ఆ బాధ్యతలు ఎవరికి వెళ్తాయో అందులోనే రాసి ఉంది. ఇంగ్లిష్‌లో ఉందని ఇన్నేళ్లూ చదవలేదట. తెలుగులో చెప్పేసరికి టీ కూడా తాగకుండా స్టాల్ తెరవాలని వెళ్లిపోయింది.

శనివారాలు మధ్యాహ్నం రెండు దాకా ఆఫీసులో ఉంటాను. వచ్చేటప్పుడు ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), లింక్ డాక్యుమెంట్లు, సర్వే నంబరు, డబ్బిచ్చిన రసీదులు తీసుకురండి. నాయకుడు ఏదో ప్రకటించాడనుకుంటే ఆ జీవో నంబరు, తేదీ ఒక చీటీ మీద రాసుకురండి. ప్రభుత్వ జీవోల వెబ్‌సైట్లో వెతకడం రాకపోతే నేను వెతికిపెడతాను, దానికి ఫీజు లేదు. వీడియో చూపించాలంటే చూపించండి, కాదనను. సౌండు తగ్గించి పెట్టండి, పక్క గదిలో జూనియర్లు డ్రాఫ్టింగ్ చేస్తుంటారు.