13 ఏళ్ళ పాపకి ఇంప్లాంట్ ఎందుకు పెట్టరు?

"మా పాపకి 13 ఏళ్ళు. పైవరసలో మధ్య పన్ను పక్కన రావాల్సింది ఒకటి కుడివైపు రానేలేదు, ఎక్స్‌రే తీస్తే లోపల కూడా లేదన్నారు. ఇప్పుడు క్లిప్పులు వేసి సందు చేస్తారట, పన్ను మాత్రం ఇంకో ఆరేడేళ్ళ తర్వాతట. సందు చేశాక వెంటనే ఇంప్లాంట్ పెట్టేస్తే పోతుంది కదా, ఇన్నేళ్ళు ఆపడం దేనికి?" అని ఒకావిడ అడిగారు. ఇంప్లాంట్ అంటే పన్ను వేరు బదులు ఎముకలో దింపే టైటానియం స్క్రూ, దానిమీద పన్ను కూర్చోబెడతారు. నాకీ ప్రశ్న చాలా నచ్చింది, ఎందుకంటే జవాబంతా ఒక్క పొరలో ఉంది, దాని మందం మిల్లీమీటర్లో ఐదో వంతు.

అంతకన్నా ముందు ఒక మాట. పన్ను రాకపోతే చాలామంది తల్లినే అంటారు, కడుపుతో ఉన్నప్పుడు సరిగ్గా తినలేదనో, పాలపన్ను తొందరపడి పీకించేసిందనో. పాలపన్ను పీకితే కింద ఉన్న మొగ్గ మాయమైపోదండీ, ఆ మొగ్గ మొదట్నుంచే లేదు. నూటికి ఇద్దరికి ఇలా ఉంటుంది, ఆడపిల్లల్లో కాస్త ఎక్కువ, చాలాసార్లు కుటుంబంలోనే వస్తుంది, పాక్స్9, ఎంఎస్ఎక్స్1, డబ్ల్యూఎన్‌టి10ఏ లాంటి జన్యువుల్లో తేడాలు దీనికి కారణమని తేలింది. ఒకపక్క లేనివాళ్ళకి రెండోపక్క పన్ను మేకులా సన్నగా రావడం కూడా మామూలే, పాప ఎడమవైపు ఓసారి చూడండి.

ఇక ఆ పొర సంగతి. మీ ముందుపన్నుని వేలితో గట్టిగా నొక్కండి, రవ్వంత లోపలికి వెళ్ళి మళ్ళీ వచ్చినట్టుంటుంది. పన్ను ఎముకలో దిగ్గొట్టి లేదు, వేలాడుతోంది. వేరుకీ ఎముకకీ మధ్య 0.2 మిల్లీమీటర్ల సందు, అందులో వేల సన్నటి నారపోగులు, రక్తనాళాలు, నరాలు, దీన్నే పెరియోడాంటల్ లిగమెంట్ అంటారు. నేనైతే ఇలా ఊహించుకుంటా: పళ్ళన్నీ రేవులో లంగరు వేసిన పడవలు, లిగమెంట్ లంగరు తాడు.

పడవని లాగితే వస్తుంది కదా, క్లిప్పులు చేసేది ఆ పనే. తీగ పన్నుని ఒకవైపు కొద్దికొద్దిగా తోస్తూ ఉంటే ఆ వైపు లిగమెంట్ నలుగుతుంది, నలిగిన చోట కణాలు ర్యాంక్‌ఎల్ అనే ప్రోటీన్‌ని విడుదల చేస్తాయి, దాంతో ఆస్టియోక్లాస్ట్‌లనే కణాలు తయారై ఎముకని కరిగిస్తాయి, రెండోవైపు పోగులు సాగినచోట ఆస్టియోబ్లాస్ట్‌లనే కణాలు కొత్త ఎముక పోస్తాయి. ముందు తవ్వుకుంటూ వెనక పూడ్చుకుంటూ నెలకి ఓ మిల్లీమీటరు నడుస్తుంది పన్ను. గట్టిగా లాగితే తొందరగా వస్తుందనుకుంటారు కానీ రాదు, లిగమెంట్‌లో రక్తం ఆగిపోయి కణాలు చచ్చి పని ఆగిపోతుంది.

ఇంప్లాంట్ పడవ కాదు, గుంజ. 1950ల్లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే ఆయన ఎముకలో రక్తప్రసరణ చూద్దామని కుందేలు కాలిఎముకలో టైటానియం పరికరం అమర్చి, పనయ్యాక తీయబోతే రాలేదు, ఎముక దానికి అంటుకుపోయింది. ఆ అంటుకోవడం మీదే 1965లో మొదటి మనిషికి ఇంప్లాంట్లు పెట్టారు, ఆ మనిషి పుట్టుకతోనే కొన్ని పళ్ళు లేనివాడు! నలభై ఏళ్ళ తర్వాత, 2006లో చనిపోయేదాకా అవి ఆయన నోట్లో పనిచేశాయి. గుంజ అంత గట్టిది. గట్టిది కాబట్టే చిక్కు.

13 ఏళ్ళ పిల్ల దవడ అంటే నీళ్ళు పెరుగుతున్న నది. దవడ కిందికీ ముందుకీ పెరుగుతుంటే పళ్ళు కూడా తమ ఎముకని వెంటబెట్టుకుని దిగుతూ వస్తాయి, నీళ్ళతో పాటు పడవలు లేచినట్టు. గుంజ లేవదు, నీళ్ళలో మునుగుతుంది. నోట్లో అదెలా కనబడుతుందంటే, పక్కపళ్ళు కిందికి దిగిపోయి, ఇంప్లాంట్ పన్ను మాత్రం పొట్టిగా, చిగురు అంచు పైకెక్కి ఉండిపోతుంది. అప్పుడు క్లిప్పులతో లాగుదామన్నా రాదు, లిగమెంట్ లేదుగా. అందుకే ఆడపిల్లలకి కనీసం 17, 18, మగపిల్లలకి 20, 21 దాకా ఆగుతారు, అదీ వయసొక్కటే చూసి కాదు, తల పక్కనుంచి ఎక్స్‌రే తీసి ఏడాది తర్వాత మళ్ళీ తీసి ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తారు, తేడా లేకపోతే ఎదుగుదల ఆగినట్టు. నిజానికి నది పూర్తిగా ఆగదు, పెద్దయ్యాక కూడా ఏళ్ళ తరబడి చాలా నెమ్మదిగా కదులుతుంది, ఇరవైల్లో పెట్టిన పన్ను నలభైల్లో కాస్త పొట్టిగా కనబడ్డానికి కారణం అదే.

నీళ్ళ కింద ఇంకో కథ ఉంది. పైన చూస్తే రెండు పడవల మధ్య చక్కటి ఖాళీ, అడుగున లంగర్లు రెండూ దగ్గరకొచ్చేసి ఉండొచ్చు. తీగతో తోసినప్పుడు పన్ను పైభాగం సులువుగా ఒరుగుతుంది, వేరు ఎదురువైపు పోతుంది. ఇంప్లాంట్ మందం 3.5 మిల్లీమీటర్లు అనుకుంటే, ఇటు 1.5 అటు 1.5 ఎముక ఉండాలి, మొత్తం 6.5, అదీ పైనుంచి వేరు కొసదాకా. క్లిప్పులు తీసేముందే ఎక్స్‌రేలో వేర్లు చూపించమని అడగండి, తీసేశాక తెలిస్తే మళ్ళీ క్లిప్పులే.

పన్ను లేనిచోట ఎముక కూడా సన్నగానే ఉంటుంది. దానికో ఉపాయముంది, నాకు భలే ఇష్టం: కోరపన్నుని మధ్యపన్ను పక్కకే రానిచ్చి, తర్వాత దాని చోటుకి వెనక్కి నడిపిస్తారు, నడిచిన దారంతా లిగమెంట్ కొత్త ఎముక పోసి పెడుతుంది.

అసలు గుంజే వద్దనుకుంటే కోరపన్నుని అక్కడే ఉంచి, దాని మొన అరగదీసి, కాస్త కాంపోజిట్ అనే పన్ను రంగు పదార్థం పెట్టి, వెనక పళ్ళన్నీ ఒక అడుగు ముందుకి జరిపేస్తారు. అప్పుడన్నీ పడవలే, నీళ్ళతో పాటే లేస్తాయి. అందరికీ కుదరదు, కోరపన్ను మరీ లావుగా, పచ్చగా ఉంటే తెలిసిపోతుంది, కింది పళ్ళతో కాటు ఎలా కుదురుతుందో కూడా చూడాలి, కానీ కుదిరే పిల్లలకి నా ఓటు దీనికే. జపాన్‌లో, పన్ను ఎదగకుండా ఆపే యుఎస్‌ఏజి-1 అనే ప్రోటీన్‌ని అడ్డుకుని కొత్త పన్ను మొలిపించే మందుని 2024లో మనుషుల మీద పరీక్షించడం మొదలెట్టారు, ముందు పెద్దవాళ్ళలో భద్రత చూడ్డానికే. అలా మొలిస్తే ఆ పన్ను లిగమెంట్‌తో సహా వస్తుంది, అంటే సొంత తాడున్న పడవ.

మరి ఈ ఆరేడేళ్ళు పాప సందుతో తిరగాలా అంటే, అక్కర్లేదు. పక్కపన్ను వెనకాల సన్నటి రెక్క అంటించి దానికి ఒక పన్ను వేలాడదీస్తారు, అరగదీయడం దాదాపు ఉండదు. రెండువైపులా రెక్కలుంటే ఇంకా గట్టిగా ఉంటుందని అనిపిస్తుంది కదా, తిరగబడుతుంది. రెండు పడవల్ని ఒకే కర్రకి బిగిస్తే చెరోవైపు ఊగి ఒక ముడి తెగుతుంది, రెండోది పట్టుకునే ఉంటుంది కాబట్టి మనకి తెలీదు, ఊడిన రెక్క కింద చేరిన తిండి, సూక్ష్మక్రిములతో మంచి పన్ను కాస్తా పుచ్చిపోతుంది. ఒక్క రెక్కే పెట్టమనండి.