జ్వరం లేని ఎరుపు

"రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన రెండేళ్లకి మా పిన్నికి ఛాతీ మీద చర్మం ఎర్రబడింది. యాంటీబయాటిక్స్ రెండు కోర్సులు వాడినా తగ్గలేదు. ఇప్పుడు ముక్క తీసి పరీక్ష చేస్తామంటున్నారు. కత్తి పెడితే జబ్బు పాకుతుందంటారు కదా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

పాకదండీ. ఈ భయంతోనే నెలల తరబడి వాయిదా వేసుకునేవాళ్లు ఉన్నారు, అందుకే ముందుగా చెబుతున్నాను. చర్మంలో క్యాన్సర్ కనిపించిందంటే, చాలాసార్లు అది లింఫ్ నాళాల వెంటో రక్తం వెంటో అప్పటికే ప్రయాణం చేసి వచ్చిందన్నమాట.

మరి చర్మంలోకి వచ్చిన ఆ క్యాన్సర్ ఇన్ఫెక్షన్‌లా ఎందుకు కనిపిస్తుంది? సన్నటి రక్తనాళాల నుంచి కాస్త నీరు ఎప్పుడూ బయటికి ఊరుతూనే ఉంటుంది. దాన్ని తిరిగి రక్తంలోకి చేర్చేవి లింఫ్ నాళాలు. క్యాన్సర్ కణాలు గుంపులుగా వాటిలో ఇరుక్కుంటే, మురుగు కాలువ పూడిన చేనులో లాగా నీరు అక్కడే నిలిచిపోతుంది. చర్మం ఉబ్బుతుంది, ఎర్రబడుతుంది, వేడిగా కూడా తగులుతుంది. వెంట్రుకల కుదుళ్లున్న చోట మాత్రం చర్మం లోపలికి పట్టి ఉంటుంది కాబట్టి అక్కడ పైకి లేవదు, చిన్న చిన్న గుంటలు పడతాయి. నారింజ తొక్కలా కనిపించేది అందుకే. చూపుకి అచ్చం సెల్యులైటిసే, అంటే సూక్ష్మజీవుల వల్ల చర్మానికి వచ్చే ఇన్ఫెక్షనే. కానీ సాధారణంగా జ్వరం ఉండదు, యాంటీబయాటిక్‌కి లొంగదు. సూక్ష్మజీవే లేనప్పుడు మందు దేన్ని చంపుతుంది?

అన్నీ ఎరుపుగానే రావు. కుట్ల మచ్చ దగ్గర నొప్పిలేని గట్టి గడ్డలు రావచ్చు, ఛాతీ చర్మం పలకలా బిగుసుకుపోవచ్చు, తలమీద ఒకచోట జుట్టు ఊడిపోవచ్చు. సర్పి అని పొరబడేలా కూడా వస్తుంది.

కంటితో తేలదు, అందుకే పంచ్ బయాప్సీ. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పెన్ను లాంటి పిడికి చివర ఉన్న సుమారు 4 మిల్లీమీటర్ల గుండ్రటి బ్లేడును చర్మం మీద పెట్టి తిప్పుతారు. కొవ్వు కనిపించేదాకా దిగాలి. పైపైన గీకితే లోపల ఉన్న కణాలు అందవు, రిపోర్టు 'ఏమీ లేదు' అని వచ్చేస్తుంది. తర్వాత ఒకటి రెండు కుట్లు వేస్తారు.

మైక్రోస్కోపు కింద పైపొర చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. దాని కింద, చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ పోగుల మధ్య, చీమల బారులా ఒకదాని వెనక ఒకటి కణాలు! ఇక్కడే అసలు చిక్కు. రొమ్ము పుట్టుకలో చెమట గ్రంథికి చుట్టమే. అందుకే చెమట గ్రంథిలో పుట్టిన కణితి కూడా ఇలాగే కనిపించవచ్చు. కణాల్లోని ప్రోటీన్లకు రంగు వేసి చూసే పరీక్షల్లో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ (ఈస్ట్రోజెన్ హార్మోన్ అతుక్కునే ప్రోటీన్), గాటా-3 అనే ప్రోటీన్ ఈ రెండు రకాల కణితుల్లోనూ పాజిటివ్ రావచ్చు. పీ-63 అనే ప్రోటీన్ మాత్రం చర్మంలోనే పుట్టిన చెమట గ్రంథి కణితుల్లో ఎక్కువగా పాజిటివ్, రొమ్ము నుంచి వచ్చినవాటిలో ఎక్కువగా నెగటివ్.

ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ రిసెప్టర్లు, హెర్-2 (కణాలను పెరగమని ప్రేరేపించే ప్రోటీన్) పరీక్షలు ఈ కొత్త ముక్క మీద మళ్లీ చేయించాలి. మొదటి కణితిలో ఉన్నట్టే ఇందులోనూ ఉండాలని లేదు, మందు ఎంపిక మారిపోతుంది. మీ పిన్నిగారి పాత ఆపరేషన్ స్లైడ్లు, అప్పటి కణితి ముక్కలు దాచిన మైనపు బ్లాకులు దొరికితే పాథాలజిస్ట్‌కి అందించండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు.